చెన్నపట్నంలో చెవులకు పండగ

డిసెంబరు సగం దాటిందంటే తెలుగు ఇళ్లలో ధనుర్మాసం సందడి. వాకిట్లో ముగ్గులు, గొబ్బెమ్మలు, తెల్లవారకముందే గుళ్లో తిరుప్పావై, చేతిలో వేడివేడి పొంగలి ప్రసాదం. ఇదే నెలను తమిళులు మార్గళి అంటారు. చెన్నైలో మార్గళి వచ్చిందంటే ముగ్గుకీ పొంగలికీ తోడుగా ఇంకోటి కూడా ఉంటుంది. పాట! పొద్దున మొదలైతే రాత్రి దాకా ఊళ్లో ఏదో ఒక సభలో ఎవరో ఒకరు పాడుతూనే ఉంటారు. మైలాపూర్, టీ నగర్, ట్రిప్లికేన్... ఎటు వెళ్లినా సభలే. చెన్నైవాసులు దీన్ని ముద్దుగా ‘సీజన్’ అంటారు.

దీనికి తొంభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు, దానితోపాటు ఓ సంగీత మహాసభ కూడా పెట్టారు. ఆ ఉత్సాహంలోంచే 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. దాని వెంట ఎన్నో సభలు. చెన్నైని యునెస్కో 2017లో సంగీత నగరాల జాబితాలో చేర్చిందంటే అందులో ఈ సీజన్‌కు పెద్ద వాటా ఉంది.

ఇంతకీ మనకేంటి సంబంధం అంటారా? చాలా ఉంది. అక్కడ వేదికల మీద పాడే పాటల్లో పెద్ద భాగం తెలుగే. త్యాగరాజస్వామి కృతులు తెలుగు. శ్యామశాస్త్రివి ఎక్కువగా తెలుగే. క్షేత్రయ్య పదాలు, జావళులు తెలుగు. కచేరీ మొదట్లో పాడే వర్ణాల్లోనూ చాలావరకు తెలుగే. పాడేవారిలో మాత్రం ఎక్కువమంది ఇంట్లో తమిళం మాట్లాడేవారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ... నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకే తమిళంలో అచ్చయ్యే కృతుల పుస్తకాల్లో ఆ అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అని అంకెలు వేస్తారు. ఏ ‘క’ పలకాలో ఆ అంకె చెబుతుంది. మన భాషలోని పాటను అంత శ్రమపడి నేర్చుకుని పాడుతున్నవాళ్లున్నారు. వినడానికి మనం వెళ్లకపోతే ఎలా?

వెళ్లాలనుకునేవారికి ఎదురయ్యే మొదటి చిక్కు, ఏది చూడాలన్నది. వందల కచేరీలు. పెద్ద పేరున్న విద్వాంసుల కచేరీకి టికెట్ దొరకలేదని ప్రయాణమే మానుకునేవారూ ఉంటారు. కానీ సీజన్‌లో దాచుకోదగ్గ అనుభవాలు చాలావరకు టికెట్ అక్కర్లేనివే. రెండు రోజులు వీలు చేసుకుని వెళ్లే కుటుంబం కోసం, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా వరసగా... ఇవీ చూడదగ్గవి.

తెల్లవారుజామున... మాడవీధుల్లో

మొదటి కచేరీకి సభ లేదు, వేదిక లేదు, మైకు లేదు. మైలాపూర్ కపాలీశ్వరస్వామి గుడి చుట్టూ ఉండే మాడవీధుల్లో మార్గళి ఉదయాల్లో భజన చేస్తూ తిరుగుతారు. ‘తమిళ త్యాగయ్య’గా పేరుపడ్డ పాపనాశం శివన్ ఏళ్ల తరబడి ఈ భజనను నడిపించారు. ఆయన 1973లో కన్నుమూశారు. ఆయన వేసిన బాటలో ఇప్పటికీ పాడుతూ నడుస్తారు.

పాటలు తమిళంలో ఉంటాయి. అయినా ఫరవాలేదు. పెద్ద పెద్ద ముగ్గులు, గుడి గోపురం, చలిలో తాళాల చప్పుడు... పిల్లలకు సంగీతం అంటే ఏసీ హాల్లో కదలకుండా కూర్చోవడమే కాదని తెలుస్తుంది. పొద్దున్నే లేపినందుకు సణిగినా తర్వాత వాళ్లే చెప్పుకొంటారు. భజనయ్యాక పక్క వీధిలోనే ఫిల్టర్ కాఫీ ఎలాగూ ఉంది.

పొద్దున... పాట వెనక కథ

మ్యూజిక్ అకాడమీలో సాధారణంగా డిసెంబరు మధ్య నుంచి జనవరి 1 దాకా ఉత్సవం జరుగుతుంది. ఆ రోజుల్లో ఉదయం పూట సోదాహరణ ప్రసంగాలుంటాయి. ఒక విద్వాంసుడు వచ్చి ఒక రాగం గురించో, ఒక వాగ్గేయకారుడి గురించో మాట్లాడతారు, మధ్యమధ్యలో పాడి చూపిస్తారు. ప్రవేశం ఉచితం. ఆ ఏడాది ‘సంగీత కళానిధి’గా ఎంపికైన విద్వాంసులే ఈ సభలకు అధ్యక్షులు. రాత్రి టికెట్ కొని దూరం నుంచి చూడాల్సిన పెద్దల్ని పొద్దున దగ్గర నుంచి చూడొచ్చు, వినొచ్చు.

ఈ సంగీత కళానిధుల్లో మనవాళ్లూ ఉన్నారు. వయొలిన్‌కు తెలుగునాట మారుపేరైన ద్వారం వెంకటస్వామినాయుడు (1941), మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1978), కర్నూలు వైద్య కళాశాలలో పనిచేస్తూనే శిష్యులకు పాఠం చెప్పిన డాక్టర్ శ్రీపాద పినాకపాణి (1983), ఆయన శిష్యుడు నేదునూరి కృష్ణమూర్తి (1991), వయొలిన్ విదుషీమణి అవసరాల కన్యాకుమారి (2016)... అందరూ ఆ కుర్చీలో కూర్చున్నవారే.

సంగీతం రాని వాళ్లకు ఈ ప్రసంగాలు అర్థమవుతాయా అన్న అనుమానం వద్దు. అన్నీ కావు, కొన్ని అవుతాయి. కార్యక్రమ పట్టికలో త్యాగరాజు, క్షేత్రయ్య, అన్నమయ్య, పదం, జావళి అన్న మాటలు కనిపించిన రోజును ఎంచుకోండి. సాహిత్యం వివరిస్తున్నప్పుడు పక్కవాళ్లు రాసుకుంటూ ఉంటారు. మీరు ఊరికే వింటే చాలు!

మధ్యాహ్నం... ఖాళీ కుర్చీల ముందు

ఈ జాబితాలో ఒక్కటే చూడగలిగితే ఏది చూడాలి అని అడిగితే, జవాబు ఇదే. మిట్టమధ్యాహ్నం కచేరీ.

సభల్లో రోజుకు మూడు నాలుగు కచేరీలుంటాయి. పేరు పెరిగేకొద్దీ పొద్దు వాలుతుంది. సాయంత్రం పెద్దలు, అంతకుముందు కాస్త పేరొచ్చినవారు, మధ్యాహ్నం కొత్తవాళ్లు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు. చాలా సభల్లో ఈ కచేరీలకు టికెట్ ఉండదు. జనమూ ఉండరు. మొదటి వరుసలో అమ్మా నాన్నా, గురువుగారు, ఆ వెనక నలుగురైదుగురు పెద్దవాళ్లు. అంత పెద్ద హాల్లో అంతే.

కానీ ఆ గంటన్నర కోసం ఆ అమ్మాయి లేదా అబ్బాయి ఏడాదంతా సాధన చేసి ఉంటారు. ఈసారి బాగా పాడితే వచ్చే ఏడు పిలుపు వస్తుంది. కొన్నేళ్లకు మధ్యాహ్నం పోయి సాయంత్రం వస్తుంది. లేదా ఏదీ రాక, ఏదో ఒక ఉద్యోగంలో స్థిరపడిపోతారు. అంత బెంగ పెట్టుకుని పాడే పాటలో ఉండే వేడి వేరు. ఎదురుగా నలుగురు ఎక్కువ కూర్చుంటే ఆ గొంతులో ధైర్యం వచ్చే తీరు కళ్లకు కనిపిస్తుంది.

చిన్నవాళ్లేగా అని తీసిపారేయడానికి లేదు. 1981 డిసెంబరులో పాలకొల్లుకు చెందిన పన్నెండేళ్ల కుర్రాడొకడు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై చెన్నై సీజన్‌లో తొలిసారి వాయించాడు. కర్ణాటక సంగీతానికి అప్పటిదాకా అలవాటు లేని మాండొలిన్ మీద! ఆ కుర్రాడే మాండొలిన్ యు.శ్రీనివాస్. 2014లో 45 ఏళ్లకే కన్నుమూసేనాటికి ప్రపంచం అంతా ఆయన పేరు తెలుసు. ఆ రోజు అక్కడ కూర్చున్నవాళ్లు ఎంత అదృష్టవంతులో! ఇవాళ మధ్యాహ్నం పాడుతున్నవాళ్లలో రేపటి శ్రీనివాస్ ఎవరో ఎవరికి తెలుసు?

సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు ఇంట్లో ఉంటే ఈ కచేరీకి తప్పకుండా తీసుకెళ్లాలి. తమకంటే అయిదారేళ్లే పెద్దవాళ్లు వేదిక మీద కూర్చుని పాడటం చూస్తే, పెద్ద విద్వాంసుల్ని చూసినప్పుడు కలగని ఆశ కలుగుతుంది.

సాయంత్రం... లేచి వెళ్లొద్దు

టికెట్ కొనే కచేరీ ఒకటి ఉండాలిగా! ఎవరిది అన్నది ఎవరి ఇష్టం వారిది. నేదునూరి వద్ద పాఠం నేర్చుకున్న మల్లాది సోదరుల లాంటి తెలుగువారి కచేరీ పడితే మాటల స్పష్టత కోసమైనా వినాలి. ఎవరు పాడినా సరే, రెండు చోట్ల మాత్రం చెవులు రిక్కించాలి.

మొదటిది నెరవల్. కృతిలో ఒక్క వాక్యాన్ని తీసుకుని, తాళం తప్పకుండా, రకరకాలుగా తిప్పి తిప్పి పాడతారు. అర్థం తెలియనివారికి అది రాగవిస్తారం. తెలిసినవారికి అదొక మనిషి గోడు. త్యాగయ్య రాముణ్ని బతిమాలతాడు, దెప్పుతాడు, అలుగుతాడు, నీకిది న్యాయమా అని నిలదీస్తాడు. ఒకే మాటను ఇరవైసార్లు అడిగితే, ఇరవయ్యోసారికి అడిగే గొంతు ఎలా మారుతుందో నెరవల్‌లో వినాలి. గాయకుడు మాటను తప్పుగా విరిస్తే మన చెవికి చివుక్కుమంటుంది. సరిగ్గా విరిస్తే మనకే ముందు ఒళ్లు జలదరిస్తుంది. ఆ హాల్లో తెలుగు కుటుంబానికి మాత్రమే దక్కే సుఖం అది. టికెట్ ధర అందరికీ ఒకటే!

రెండోది తని ఆవర్తనం. ప్రధాన కృతి అయ్యాక గాయకుడు ఆగిపోతాడు. మృదంగం, ఘటం లేదా కంజీర మాత్రమే మోగుతాయి. సరిగ్గా అప్పుడే హాల్లో సగంమంది లేచి క్యాంటీన్ దారి పడతారు. ఇది సీజన్‌లో పాత అలవాటు, ఎంతమంది విద్వాంసులు నొచ్చుకున్నా పోని అలవాటు. మీరు మాత్రం లేవొద్దు. పిల్లలకు కచేరీ మొత్తంలో బాగా నచ్చేది ఇదే. తాళం వేస్తూ కూర్చోమనండి. లెక్క తప్పకుండా ఇద్దరూ ఒకేచోట వచ్చి కలిసే ఆ ఆఖరి క్షణం క్రికెట్‌లో చివరి బంతికేమీ తీసిపోదు.

అన్నట్టు, నాగస్వరం మాట మరవకూడదు. చాలా సభల్లో ఉత్సవం మొదలయ్యేది దానితోనే. మంగళవాద్యమే కదా అని ఆలస్యంగా వెళితే నష్టపోతారు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో నాగస్వరం వాయించిన షేక్ చినమౌలానా 1998లో సంగీత కళానిధి అయ్యారు. ఆయన శిష్యులైన దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీలకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. తెలుగు ముస్లిం కుటుంబాలు, తమిళ గుళ్లు, త్యాగయ్య కృతులు... ఈ మూడూ కలిసేచోటు నాగస్వరం. పట్టికలో కనిపిస్తే వదలొద్దు.

రాత్రి... క్షేత్రయ్య కోసం

అకాడమీ సంగీతోత్సవం ముగిశాక, జనవరి మొదట్లో నాట్యోత్సవం ఉంటుంది. టీ నగర్‌లోని కృష్ణ గానసభ డిసెంబరులో నాట్య కళా సదస్సు జరుపుతుంది. ఇది 1981లో మొదలైంది. భరతనాట్యం కానీ, కూచిపూడి కానీ, ఏదైనా చూడండి. కానీ అందులో ‘పదం’ ఉందో లేదో చూసుకుని వెళ్లండి.

పదం అంటే నెమ్మదిగా సాగే పాట. అలిగిన నాయిక, దూరమైన నాయకుడు, మధ్యలో చెలికత్తె. కృష్ణా జిల్లా మొవ్వకు చెందిన క్షేత్రయ్య 17వ శతాబ్దంలో తన మువ్వగోపాలుడి మీద వీటిని రాశాడు. తంజావూరును అప్పుడేలింది తెలుగు నాయకరాజులు. విజయరాఘవ నాయకుడి కొలువుకు క్షేత్రయ్య వెళ్లాడు. అలా మొవ్వ పాట కావేరి ఒడ్డుకు చేరింది. తర్వాత దాన్ని కాపాడింది దేవదాసీ కుటుంబాల ఆడవాళ్లు. వీణ ధనమ్మాళ్, ఆమె మనవరాళ్లు బృంద, ముక్త, బాలసరస్వతి. వీళ్ల గొంతుల్లో, చేతుల్లో పదం బతికింది.

సమాజం ఆ కుటుంబాల వైపు వేలెత్తి చూపుతున్న రోజుల్లో, 1931లో, మ్యూజిక్ అకాడమీ తన వేదికపై కళ్యాణి కుమార్తెల నాట్యాన్ని ఏర్పాటు చేసింది. నలభై రెండేళ్ల తర్వాత, 1973లో, బాలసరస్వతికి సంగీత కళానిధి బిరుదిచ్చింది. నాట్యకారిణికి ఆ బిరుదు దక్కడం అదే మొదలు.

ఇప్పుడు పదానికి వేరే కష్టం వచ్చింది. అది నిదానంగా నడుస్తుంది, చప్పట్లు రాబట్టదు. గాత్ర కచేరీల్లో అరుదైపోయింది. నాట్యంలో ఉన్నా, చూసేవారిలో చాలామందికి మాట అర్థం కాదు కాబట్టి నర్తకి ముందుగా ఇంగ్లిషులో సారాంశం చెప్పి మొదలుపెడుతుంది. సారాంశంలో కథ వస్తుంది, వెటకారం రాదు. నాయిక ‘రారా’ అందా, ‘రావయ్యా’ అందా, ‘వస్తే రానీ’ అందా అన్న తేడాలోనే పదం ప్రాణం ఉంటుంది. ఆ తేడా పట్టుకుని సరైనచోట నవ్వేవాళ్లు ఎదురుగా ఇద్దరుంటే నర్తకికి వెంటనే తెలుస్తుంది. ఆ మాటను ఇంకోసారి, ఇంకోలా పట్టి చూపిస్తుంది. అభినయం అలా పెరుగుతుంది. వినేవాళ్లు లేకపోతే అలాగే తరుగుతుంది కూడా.

మర్రిచెట్ల నీడలో నాట్యం

తిరువాన్మియూర్‌లోని కళాక్షేత్రకు ఒక సాయంత్రం కేటాయించాలి. రుక్మిణీదేవి 1936లో స్థాపించిన సంస్థ ఇది. డిసెంబరులో జరిగే వార్షికోత్సవంలో సంగీతంతో పాటు నృత్యనాటకాలుంటాయి. రామాయణ ఘట్టాలు ఎక్కువ కాబట్టి పిల్లలకు కథ చెప్పనక్కర్లేదు. తంజావూరు దగ్గర మేలట్టూరులో భాగవతమేళ పేరుతో ఆడే తెలుగు నాటకాల్లోంచి ‘ఉషాపరిణయం’ లాంటివాటిని కూడా రుక్మిణీదేవి ఇక్కడ రంగం మీదకు తెచ్చారు. కూచిపూడి నుంచి వచ్చిన వెంపటి చినసత్యం 1963లో తన అకాడమీ పెట్టిందీ ఈ ఊళ్లోనే. ఆయన శిష్యులు, ప్రశిష్యుల కూచిపూడి ప్రదర్శన సీజన్‌లో ఎక్కడైనా కనిపిస్తే కళాక్షేత్ర చూసిన మర్నాడే చూడండి. రెండు బాణీల తేడా పక్కపక్కన తెలుస్తుంది.

వాళ్ల పాటా వినాలి

మన పాటను నెత్తిన పెట్టుకున్న ఊళ్లో ఆ ఊరి పాట వినకుండా వస్తే మర్యాద కాదు. మా నేలపై మా భాషలో పాటలేవి అని తమిళులు అడిగిన కాలం ఒకటుంది. రాజా అణ్ణామలై చెట్టియార్ అండతో ఆ ఉద్యమం నడిచి, 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. పారిస్ కార్నర్ దగ్గరున్న రాజా అణ్ణామలై మన్రంలో ఆ సంఘం కూడా డిసెంబరులో ఉత్సవం చేస్తుంది. అక్కడ తమిళ కీర్తనలకే పెద్దపీట.

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అర్థమయ్యే పాట వింటే కలిగే ఆనందం కావాలని వాళ్లు కోరుకున్నారు. ఆ ఆనందం మనకు మిగతా సభలన్నింటిలో అడక్కుండానే దొరుకుతోంది. ఒకపూట అక్కడ కూర్చుని, అర్థం కాని పాటలో రాగాన్ని మాత్రమే వింటే, మన పాటను వాళ్లు ఇన్నాళ్లూ ఎలా వింటున్నారో తెలిసొస్తుంది.

క్యాంటీన్ కబుర్లు, కొన్ని జాగ్రత్తలు

సభ క్యాంటీన్‌కు సంగీతంతో సమానంగా అభిమానులున్నారు. పాట వినకుండా భోజనం చేసి వెళ్లేవాళ్లూ ఉన్నారని అక్కడే జోకు. అరిటాకు భోజనం, పొంగలి, అడై, బాదం హల్వా... సభను బట్టి రుచి మారుతుంది. ఆరింటి కచేరీకి వెళ్లేవారు అయిదింటికే టిఫిన్ కానిచ్చుకుంటే తని ఆవర్తనంలో లేవాల్సిన పని ఉండదు.

విజయవాడ నుంచి చెన్నై సెంట్రల్‌కు పగటి రైళ్లున్నాయి. నెల్లూరు, తిరుపతి వాళ్లయితే పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. సెంట్రల్‌కు ఎదురుగా ఉన్న పార్క్ టౌన్ స్టేషన్లో లోకల్ రైలెక్కితే మైలాపూర్, తిరువాన్మియూర్ రెండూ ఆ దారిలోనే. ఏ సభలో ఎప్పుడు ఎవరన్నది ఏటా మారుతుంది. బయల్దేరే ముందు సభల తాజా పట్టిక చూసుకోవాలి. హాల్లో ఏసీ చలి ఎక్కువ, పెద్దవాళ్లకు శాలువా ఉంచుకోవాలి. ఫోన్ మోగకుండా చూసుకోవాలని వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో చిన్న పని. వెళ్లేముందు ఇంట్లో ఓ పది త్యాగరాజ కృతుల అర్థం పిల్లలతో కలిసి చదవండి. వేదికల మీద తరచూ వినిపించేవే ఎంచుకుంటే, రెండు రోజుల్లో కనీసం రెండు మూడైనా ఎవరో ఒకరు పాడతారు. తెలిసిన పాట ఎత్తుకోగానే పిల్లలు మోచేత్తో పొడిచి ‘అదే, అదే’ అంటారు. పాడుతున్న అమ్మాయి ఆ మాటను అంకెలు వేసిన పుస్తకంలో చూసి నేర్చుకుని ఉంటుంది. దాన్ని అమ్మ నోటి మాటగా వినేవాళ్లు ఆ హాల్లో కొందరైనా ఉండాలి. ఈ మార్గళికి ఆ కొందరిలో మీరూ ఉండండి.